కొండలేని సీమలో ఎత్తయిన చోట్లు
(పడమటి డెల్టా చరిత్ర: 9వ భాగం)

ఉండవల్లి, మంగళగిరి కొండలను వెనక వదిలి ఆగ్నేయ దిశగా సముద్రం దాకా సాగితే కృష్ణ పడమటి డెల్టాలో మరొక కొండ కనిపించదు. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాలు మూడూ ఈ బల్లపరుపు నేలలోనివే. తెనాలి వైపు నల్లని ఒండ్రు, బాపట్ల వైపు ఇసుక పర్ర అన్న తేడా తప్ప, చూపుకు అడ్డుతగిలే ఎత్తు దేనినీ ప్రకృతి ఇక్కడ పెట్టలేదు. కొండవాలున వెలసిన ఊళ్లలో కోట ఎక్కడ ఉండాలో, గుడి ఎక్కడ నిలవాలో, వరద వచ్చిననాడు జనం ఎటు పరుగెత్తాలో కొండే నిర్ణయిస్తుంది. ఈ సీమలో ఆ నిర్ణయాలన్నీ మనుషులు తమంతట తాము కూడబలుక్కుని చేసుకోవలసి వచ్చింది. ఎత్తు కావాలనుకున్న ప్రతిచోటా మన్ను మోసి పోయవలసి వచ్చింది. అందువల్ల ఇక్కడి దిబ్బ, కట్ట, గోపురం, కరకట్ట అన్నవి నేల ఆకృతులు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. ఒక్కొక్కదాని వెనుక ఒక జనసమూహం ఉంది, వాటిలో కొన్నింటిని తరువాతి కాలంలో తవ్వుకుపోయిన మరొక సమూహమూ ఉంది. గత భాగంలో బెజవాడ ఆనకట్ట నిర్మాణం ప్రస్తావనకు వచ్చింది గనుక, ఈ భాగంలో ఆ ఆనకట్ట దిగువన మూడు పట్టణాల మధ్య ఉన్న ఈ ఎత్తుల చరిత్రను పరిశీలించడం సముచితం.

వీటిలో అన్నిటికన్నా పాతది తెనాలి నుంచి రేపల్లెకు పోయే దారిలోని భట్టిప్రోలు దిబ్బ. ఊరివారు దీనిని చాలాకాలం లంజదిబ్బ అని పిలిచేవారు. ఆంధ్రదేశంలో బౌద్ధ శిథిలాలకు ఇటువంటి పేర్లు పలుచోట్ల ఉన్నాయి. కట్టినవారి మతం కనుమరుగై, కట్టడం ఎందుకో తెలియనివారి నడుమ మిగిలిపోయిన దిబ్బకు కాలక్రమాన దక్కే గౌరవం అంతే కాబోలు. 1892లో పురావస్తు శాఖ పక్షాన అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపినప్పుడు, లోపల ఉన్నది ఇటుకలతో కట్టిన మహాస్తూపమని తేలింది. స్తూపమంటే బుద్ధుని ధాతువులను, అనగా దహనానంతరం మిగిలిన ఎముకల శకలాలను, లోపల భద్రపరిచి పైన అర్ధగోళాకారంగా కట్టిన ఘన నిర్మాణం. దీని అండం, అంటే గుండ్రని పై భాగం, సుమారు 132 అడుగుల వ్యాసం కలది. పది అడుగుల ఎత్తు మెరక కూడా అరుదైన ఈ నేలలో నున్నని పాలరాతి పలకలు తొడిగిన అటువంటి కట్టడం ఆ రోజుల్లో ఎన్ని కోసుల దూరానికి కనిపించేదో ఊహించవచ్చు.

స్తూపం నడిమి బావివంటి గూటిలో ఒకదానిపై ఒకటిగా మూడు రాతి భరిణెలు దొరికాయి. వాటిలోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పువ్వులు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. పండితలోకాన్ని ఎక్కువగా ఆకర్షించినవి రాతి భరిణెల అంచుల మీద, మూతల మీద చెక్కిన శాసనాలు. వాటిని చదివి ప్రకటించిన జర్మన్ పండితుడు బ్యూలర్ వాటి కాలాన్ని క్రీస్తు పూర్వం 200 ప్రాంతంగా అంచనా వేశాడు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. అయితే ఈ బ్రాహ్మిలో కొన్ని అక్షరాల రూపాలు మిగతాచోట్ల కనిపించేవాటికి భిన్నంగా ఉండడమే కాక, అచ్చుల గుర్తులను వాడే పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. మామూలు బ్రాహ్మిలో ‘క’ అన్న గుర్తులోనే ‘అ’ కారం ఇమిడి ఉండగా, భట్టిప్రోలులో ఆ ‘అ’ కారాన్ని ఒక చిన్న గీతతో విడిగా చూపారు. తెలుగు లిపికి ఇదే తల్లి అన్న మాట ఈ ప్రాంతంలో బలంగా వినిపిస్తుంది. లిపి చరిత్రకారులు మాత్రం తెలుగు అక్షరాలను దక్షిణాది బ్రాహ్మి నుంచి శాలంకాయనుల, కదంబుల, చాళుక్యుల కాలపు మార్పుల మీదుగా వచ్చినవిగా చూపుతారు గనుక, భట్టిప్రోలును తల్లి అనేకంటే ఆ ఇంటి పెద్దలలో ఒకరనడం న్యాయం. అంతమాత్రాన దాని గొప్పతనానికి వచ్చిన లోటు లేదు.

స్థానిక సమాజ చరిత్రకు కావలసిన అసలు సంగతి లిపిలో కంటే ఆ శాసనాలు చెప్పే విషయంలో ఉంది. భరిణెల మీద ఉన్నది దేవతాస్తుతి కాదు, రాజప్రశస్తి అంతకన్నా కాదు. ఉన్నది చాలావరకు పేర్ల జాబితా. నిగమం, అంటే వర్తక శ్రేణి, దాని సభ్యుల పేర్లు. గోఠి, అంటే గోష్ఠి, దాని సభ్యుల పేర్లు. కుబిరకుడు అనే రాజు ప్రస్తావన ఉన్నా, అతడు సింహగోష్ఠికి ముఖ్యుడుగానే, ఆ సమాజంలో మొదటివాడుగానే కనిపిస్తాడు. ఆరు పలకల స్ఫటికం ఒకదాని మీద నందపురపు స్త్రీల దానం కూడా నమోదై ఉంది. గోష్ఠి అన్న మాటకు నేటి తెలుగులో నలుగురు కూర్చుని సాహిత్యమో శాస్త్రమో మాట్లాడుకునే సభ అన్న అర్థమే మిగిలింది. ఈ భరిణెలు చెక్కిననాడు మాత్రం గోష్ఠి ఒక పని తలపెట్టి, డబ్బు కూడబెట్టి, పని పూర్తయ్యాక తమ పేర్లు చెక్కించుకునే సంఘం. నేడు గుడి మెట్ల మీదా, బడి గోడ మీదా, సిమెంటు బెంచీల వీపు మీదా దాతల పేర్లు రాయించే అలవాటును చూసి నవ్వుకునేవారు, ఆ అలవాటు ఈ గడ్డ మీద ఇరవైరెండు శతాబ్దాల నాటిదని గుర్తుంచుకోవాలి.

ఇంతమంది కూడి పోసిన ఎత్తును దించినవారి కథ కూడా ఇంతకు తక్కువది కాదు. రీ వచ్చేనాటికే స్తూపం సగానికి పైగా పోయింది. ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద తూములు, లాకులు కట్టడానికి రాయి కావలసి వచ్చింది. ఈ నేలలో రాయి దొరకదు, కొండ దగ్గరలో లేదు. అందువల్ల కాలువల పనులు చూస్తున్నవారు దిబ్బలోని ఇటుకలను, పాలరాతి పలకలను తీయించారు. శిల్పాలున్న పలకలు సైతం దాపునే ఉన్న వెల్లటూరు తూము కట్టడంలో కలిసిపోయాయి. తూము అంటే కాలువ నుంచి పొలానికి నీటిని కొలతప్రకారం వదిలే చిన్న ద్వారం. దీనిని కేవలం దొరల అజ్ఞానంగా కొట్టిపారేయడం తేలిక గానీ, పాత దిబ్బల మన్నును పాటిమన్ను అని పిలిచి, ఎరువుగా పనికివస్తుందని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం ఈ సీమ రైతులకు అంతకుముందునుంచీ ఉన్న అలవాటే. ఒక గోష్ఠి కట్టినదాన్ని మరొక అవసరం విప్పుకున్నది. ఆ పలకలు ధాతువును కాచినన్నాళ్లు కాచి, ఆపైన వరిచేలకు నీళ్లు కొలిచాయి. దొరికిన భరిణెలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. స్తూపంలో దొరికిన ధాతువును ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇవ్వగా, 1920 నవంబరులో కలకత్తా కాలేజీ స్క్వేరులో అనగారిక ధర్మపాలుడు కట్టించిన ధర్మరాజిక విహారంలో దానిని ప్రతిష్ఠించారు. కలకత్తా నడిబొడ్డున ఉన్న ఆ విహారపు ధాతువు తెనాలి–రేపల్లె రైలుదారి పక్క ఊరిది అని ఆ రైలెక్కేవారిలో ఎందరికి తెలుసునో.

స్తూపాన్ని మింగిన కాలువే ఈ సీమకు రెండవ ఎత్తును ఇచ్చింది. అది కాలువ కట్ట. 1832–33 నాటి నందన కరువు, జనం నోట డొక్కల కరువు, గుంటూరు మండలాన్ని ఊడ్చిపెట్టింది. ఆ నష్టం కలిగించిన భయమూ, పోయిన శిస్తు మీది దిగులూ కలిసి ఆనకట్ట ఆలోచనకు ఊపిరి పోశాయి. 1852లో పని మొదలై 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక పడమటి ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలుగా చీలి, ఒక పాయ కొమ్మమూరు కాలువగా బాపట్ల సీమ మీదుగా పెదగంజాం దాకా, మిగతావి తెనాలిని కోసుకుంటూ రేపల్లె, నిజాంపట్నం వైపూ సాగాయి. లాకు అంటే రెండు నీటిమట్టాల మధ్య పడవను ఎక్కించడానికో దించడానికో కట్టిన తలుపుల తొట్టి. దిగువ తలుపు మూసి ఎగువ నీటిని లోపలికి వదిలితే తొట్టిలో నీరు లేచి పడవను పైకి ఎత్తుతుంది. పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలవడం వల్ల, ఇక్కడి ధాన్యం బస్తాలు సముద్రం మొహం చూడకుండానే పడవల మీద మద్రాసు చేరేవి. గాలి ఉన్నప్పుడు తెరచాప, లేనప్పుడు కట్ట మీద నడుస్తూ తాడు భుజాన వేసుకుని పడవను లాగే మనుషులు: రోడ్డు పడకముందు డెల్టాకు రహదారి ఈ కట్టే.

కట్టను గట్టిగా పట్టి ఉంచడానికి, ఎండకు నీడ ఇవ్వడానికి దాని పొడవునా చెట్లు పెంచారు. రావి, చింత, నిద్రగన్నేరు, తుమ్మ చెట్లు వరసలుగా పెరిగి, వానల్లేని ఋతువులో కూడా ఈ మైదానానికి తోపు వంటి పచ్చదనాన్ని ఇచ్చాయి. కొండవాలు ఊరికి అడవి ఎటువంటిదో డెల్టా ఊరికి కాలువగట్టు అటువంటిది. ఊరి జీవితమంతా ఆ గట్టును అంటిపెట్టుకునే సాగింది. ఆనకట్ట నుంచి కాలువలు వదిలారన్న కబురు రాగానే నారుమడి పనులు మొదలయ్యేవి. వేసవిలో కాలువ కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకోవడం పంచాయతీకి పెద్ద పరీక్ష. నీరు తగ్గినాక అడుగున మిగిలిన మడుగుల్లో పిల్లలు చేపలు పట్టడం, మొలబంటి బురదలో కూలీలు పూడిక తీయడం, మళ్లీ నీరు వచ్చేసరికి గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా తూము మూతికి అడ్డం పడడం ఏటేటా జరిగే తంతు. ఎవరి వంతు నీరు ఎప్పుడో చూసే లస్కరు ఉద్యోగం చిన్నదే అయినా, చివరి భూములవాడికి, అంటే కాలువ తోకన పొలమున్న రైతుకు, అతడు కలెక్టరు కంటే ముఖ్యుడు. మొదటి భూములవారికీ చివరి భూములవారికీ మధ్య ఈ నీటి తగాదా నూట డెబ్బై ఏళ్లుగా తెగలేదు. ఈ సీమలో సంఘాలు పుట్టడానికీ చీలడానికీ అదొక ముఖ్య కారణం.

తెనాలి పట్టణం పూర్తిగా ఈ కాలువల బిడ్డ. మూడు కాలువలు ఊరి నడుమ పారడం వల్లా, కళల వల్లా దానికి ఆంధ్రా పారిస్ అన్న పేరు వచ్చింది. పారిస్‌లో పారేది సేన్ నది ఒక్కటే గనుక లెక్కప్రకారం తెనాలిదే పైచేయి. 1899లో బెజవాడ–మద్రాసు రైలుదారి, 1916లో గుంటూరు–రేపల్లె దారి పడడంతో తెనాలి కూడలి అయింది, ధాన్యపు వ్యాపారంతో చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బులో ఒక భాగం పోయి కొత్త ఎత్తు ఒకదానిని నిలబెట్టింది: నాటకం బల్ల.

పద్యనాటకం, అంటే పాత్రల సంభాషణలో ముఖ్యమైన ఘట్టాలను పద్యాలుగా రాగం తీసి పాడే నాటకం, ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో కోస్తా ఆంధ్రకు పిచ్చిపట్టించిన కళ. తెనాలిలోని శ్రీరామ విలాస సభ ఈ కళకు పేరుమోసిన సమాజాలలో ఒకటి. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు 1920లో సొంత ఊళ్లోనే చంద్రమతి వేషంతో రంగమెక్కి, తరువాత ఈ సభలో చేరి, స్త్రీపాత్రలకు ఆంధ్రదేశంలో మారుపేరయ్యాడు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి వంటి పాత్రల్లో ఆయన నడక, కట్టు, కనుసన్న చూడడానికి ఇళ్లలోని స్త్రీలు ప్రత్యేకంగా వచ్చేవారన్న ఖ్యాతి ఆయనది. ఆ కళ రంగూన్ దాకా ప్రయాణించింది, 1956లో పద్మశ్రీ బిరుదును తెచ్చింది. వృత్తిచేత వైద్యుడైన గోవిందరాజుల సుబ్బారావు, పద్యం పాడడంలో ఉద్దండుడైన మాధవపెద్ది వెంకట్రామయ్య ఈ తెనాలి మండలి వారే. గోవిందరాజుల వారు ఆ తరువాత తెరమీదికి వెళ్లి, 1938 నాటి మాలపిల్లలోనూ, 1955లో వచ్చిన కన్యాశుల్కంలో లుబ్ధావధానులుగానూ నిలిచిపోయారు.

సమాజం నాటకంతో పాటు కంట్రాక్టు నాటకం అనే ఏర్పాటు కూడా అప్పుడు ఉండేది. ఊరి పెద్దలో, ఒక వ్యాపారో తన డబ్బు పెట్టి, వేర్వేరు సమాజాల మేటి నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకుని, టిక్కెట్టు పెట్టి ఆడించడం దాని పద్ధతి. కృష్ణుడు ఒక ఊరినుంచి, అర్జునుడు మరొక ఊరినుంచి రైలు దిగి, కలిసి ఒక్కసారైనా సాధన చేయకుండానే పోటీపడి పద్యాలు పాడేవారు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అని అరిచిన ప్రతిసారీ చచ్చిన పాత్ర సైతం లేచి మళ్లీ పాడవలసిందే. నాటక లక్షణాల దృష్ట్యా దీనిని ఎంత తప్పుపట్టినా, డెల్టా పల్లెలోని రైతు భారత పద్యాలను కంఠస్థం చేసింది బడిలో కాదు, ఈ బల్లల ముందు పరిచిన ఈతచాపల మీద అన్నది కాదనలేని నిజం.

బల్ల మీద పురాణం ఇలా వెలుగుతున్న కాలంలోనే అదే ఊళ్లో పురాణాన్ని నిలదీసినవారూ ఉండడం తెనాలి విశేషం. శంబుకవధ, సూతపురాణం రాసిన త్రిపురనేని రామస్వామి తెనాలిలో తన ఇంటికి సూతాశ్రమమని పేరుపెట్టి స్థిరపడి, పురపాలక సంఘాధ్యక్షుడుగా గంగానమ్మ జాతరలో జంతుబలిని నిషేధించాడు. 1930ల్లో చక్రపాణి యువ పత్రికను నడిపింది ఇక్కడే; 1909లో ఈ ఊళ్లోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కథలలోని మధ్యతరగతి ఇళ్లకు మూలం ఈ వీధులే. చక్రపాణి 1947లో మద్రాసులో చందమామ మొదలుపెట్టినవారిలో ఒకడు కావడం, కుటుంబరావు ఆ పత్రికకు దశాబ్దాలు పనిచేయడం అందరూ ఎరిగినదే.

1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి జనం రైల్వే స్టేషను మీద విరుచుకుపడగా పోలీసులు కాల్పులు జరిపారు, ఏడుగురు చనిపోయారు. ఆ చోటు నేడు రణరంగ చౌక్. అక్కడ భరతమాత విగ్రహంతో పాటు ఏడుగురికీ ఏడు స్మారకాలు లేపారు. వాటిని జనం పిలిచే మాట స్తూపాలు. భట్టిప్రోలులో దిబ్బగా మారి పేరు పోగొట్టుకున్న మాట, అదే రైలుదారి పొడవున కొన్ని మైళ్ల దూరంలో, వేరే అర్థంతో తిరిగి లేచింది.

బాపట్లకు పేరు ఇచ్చింది భావనారాయణస్వామి. భావపురి క్రమంగా బాపట్ల అయింది. చోళుల, వెలనాటి చోడుల కాలాలలో పోషణ పొందిన ఆ ఆలయంలో శాసనాలు అనేకం ఉన్నాయి. రేపల్లెకూ బాపట్లకూ నడుమనున్న చందవోలు వెలనాటి చోడుల రాజధాని. నేడది లింగోద్భవస్వామి గుడీ బండ్లమ్మ జాతరా గల పల్లెటూరు. ఆ కాలపు గుడి శాసనాలలో తరచు కనిపించే దానం అఖండదీపం, అంటే రాత్రింబగళ్లు ఆరకుండా వెలగవలసిన దీపం. దాత సాధారణంగా 50 లేక 55 గొర్రెలను గుడికి ఇస్తాడు. వాటిని ఒక బోయ, అంటే కాపరి, తన అధీనంలోకి తీసుకుని, తాను, తన కొడుకులు, మనుమలు రోజుకు ఒక మానిక నెయ్యి గుడికి పోయడానికి ఒప్పుకుంటాడు. మానిక ఒక కొలపాత్ర. నేటికీ మానెడు అన్న మాటగా బతికే ఉంది. గొర్రె చచ్చినా మందలో సంఖ్య తగ్గరాదు. రాజు పేరు, దాత పేరు ముందు పెద్దగా ఉన్నా, తరాల తరబడి దీపాన్ని వెలిగించిన చెయ్యి చివరి వరుసలో పేరుండే ఆ కాపరిది.

భావనారాయణస్వామి గుడి గాలిగోపురం, అనగా ప్రాకార ద్వారం మీది ఎత్తైన గోపురం, 2011లో కూలిపోయింది. పొలాల మీదుగా నడిచి వచ్చేవాడికి ఊరు ఇంకెంత దూరమో చెప్పే గుర్తు అదే గనుక, కూలిన మరునాటి నుంచి బాపట్లకు దిక్కు చూపేది లేనట్టయింది; దానిని తిరిగి కట్టాలని ఊరు పట్టుబట్టడంలో భక్తికి తోడు ఈ లోటు కూడా పనిచేసి ఉంటుంది.

ఇదే ఊరు 1913 మే నెలలో ప్రథమాంధ్ర మహాసభకు వేదికైంది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించిన ఆ సభలో తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం అన్న కోరిక బహిరంగంగా చర్చకు వచ్చింది. అయితే దూరపు జిల్లాల ప్రతినిధులలో కొందరికి సందేహాలు ఉండడంతో అక్కడికక్కడే తీర్మానించక, ప్రజాభిప్రాయం కూడగట్టే పనిని ముందుపెట్టుకున్నారు. తొందరపడకపోవడమే ఆ సభ చేసిన మంచిపని అనవచ్చు. 1945లో ఇక్కడ వ్యవసాయ కళాశాల ఏర్పడింది. 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అనే సాంబ మసూరి వరి పేరులోని మూడక్షరాలు బాపట్లవే. తెలుగు ఇళ్లలో సన్నబియ్యం అన్నప్పుడల్లా ఈ ఊరి పేరు పలకకుండానే పలుకుతున్నారు.

రేపల్లె వైపున ఎత్తంటే కరకట్ట. నది పొంగు ఊళ్ల మీద పడకుండా ఒడ్డు పొడవునా పోసిన మట్టికట్ట అది. కట్టకు లోపల ఊళ్లు, కట్టకు నదికి మధ్య లంకలు. లంకలో అరటి, పసుపు, కంద బాగా పండుతాయి, ఏ ఏడు ఏటిపాలవుతాయో చెప్పలేరు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగినప్పుడు ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి భట్టిప్రోలు, రేపల్లె మండలాల పల్లెలు మునిగాయి. 2024 సెప్టెంబరులో వరద 11.43 లక్షలకు చేరినప్పుడు గ్రామస్థులు రాత్రంతా లాంతర్లు, సెల్‌ఫోన్ దీపాలు పట్టుకుని, ఎక్కడ చెమ్మ ఊరితే అక్కడ ఇసుక బస్తాలు వేస్తూ కట్ట వెంబడి కాపలా తిరిగారు. నదికి కట్ట ఉన్నది, సముద్రానికి లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన అవతలి ఒడ్డున దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుని, ఈ ఒడ్డు తీరగ్రామాలనూ ముంచింది. ఆ తరువాత తీరం పొడవునా స్తంభాల మీద లేపిన తుఫాను షెల్టర్లు ఈ సీమ పోసుకున్న ఎత్తులలో కొత్తవి. గాలి లేని రోజుల్లో వాటి పై అంతస్తులో బడి నడుస్తుంది, కింద స్తంభాల మధ్య వలలు ఆరుతాయి.

ఆ షెల్టర్లు దాటి ఇంకా దక్షిణంగా పోతే నిజాంపట్నం కాలువ చివరి తూము వస్తుంది. అక్కడినుంచి నేలమట్టం, సముద్రమట్టం దాదాపు ఒకటే. మంచినీరు, పోటునీరు మడ అడవుల మధ్య కలిసిపోతాయి. డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారు 1611లో వచ్చి పెటపోలి అని రాసుకున్న రేవు ఇదే. ఒక్క ఎత్తైనా లేని ఆ ఒడ్డును వారి ఓడలు ఎలా పోల్చుకున్నాయో, ఎవరితో బేరాలాడాయో, ఆ వ్యాపారం ఎంతకాలం నిలిచిందో తరువాతి భాగంలో.

(సశేషం)